తాతయ్య ఇంటి తలుపు బెంగళూరు ఫ్లాటుకి పెట్టుకోవచ్చా? వీధి గుమ్మం చూస్తే ఇంటివాళ్ళు తెలుస్తారా?

సంధ్యాదీపం (హూడి, బెంగళూరు) · జనవరి 18, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

హూడిలో ఫ్లాటు కొన్నాం, ఆరో అంతస్తు. మార్చిలో గృహప్రవేశం. సరిగ్గా ఇప్పుడే ప్రకాశం జిల్లాలో మా తాతయ్య కట్టిన ఇల్లు పడగొడుతున్నారు. స్థలం అమ్మేశారు, ఎవరికేం కావాలో తీసుకెళ్ళమన్నారు. పిన్ని గంగాళం అడిగింది. అన్నయ్య పడక్కుర్చీ అడిగాడు. నేను వీధి తలుపు అడిగాను.

రెండు రెక్కల టేకు తలుపు. రెక్కకి తొమ్మిది చొప్పున ఇత్తడి బొడిపెలు. ద్వారబంధం పైకమ్మి మీద గజలక్ష్మి, అటొక చిలక, ఇటొక చిలక. ఎత్తు తక్కువ, పెద్దవాళ్ళు తల వంచి రావాల్సిందే. తాతయ్య బడిపంతులు. తెల్లవారుజామున తెరిచిన తలుపు రాత్రి పిల్లల చదువులు అయ్యేదాకా మూసేవారు కాదు. పగటిపూట అది మూసి ఉండగా చూసిన గుర్తే నాకు లేదు.

ఇక్కడ మా అంతస్తులో ఎనిమిది ఇళ్ళు. ఎనిమిదింటికీ ఒకే ముదురు గోధుమరంగు తలుపు, ఒకే స్టీలు పిడి. మొన్న పని చూడ్డానికి వెళ్ళి, లిఫ్టు దిగి కుడికి తిరగబోయి ఎడమకి తిరిగి, ఎవరింటికో తాళంచెవి పెట్టి తిప్పుతున్నాను. లోపలినుంచి ఒక పెద్దాయన తలుపు తీసేదాకా మా ఇల్లు కాదని తెలియలేదు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, మా గుమ్మం చూడగానే మాదేనని తెలియాలని.

మా ఆయన ఒక మాట అన్నారు. "అది తాతయ్య మనసు చెప్పే తలుపు. మనం పొద్దున తాళం వేసి పోతే రాత్రికి వస్తాం. మన గురించి అదేం చెబుతుంది?" దీనికి నా దగ్గర జవాబు లేదు. మీరేమంటారు? అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది కూడా చెప్పండి.

అనంతపురం_అబ్బాయి (మారతహళ్ళి, బెంగళూరు) · జనవరి 18, రాత్రి 10:20

పెట్టుకో అక్కా, ఇంకో ఆలోచన వద్దు.

కానీ ఒకే రకం తలుపులైతే మనుషులు తెలియరు అంటే నేను ఒప్పుకోను. మా అంతస్తులో ఆరిళ్ళు, తలుపులన్నీ ఒకటే. ఒకరింటికి ఏ పండగ లేకపోయినా శుక్రవారం పొద్దున పచ్చి మామిడాకుల తోరణం ఉంటుంది. ఆ ఆకులు ఎక్కడ తెస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళ ఎదురింటికి ప్లాస్టిక్ తోరణం, దానిమీద రెండేళ్ళ దుమ్ము. అయితే ఆ ఇంటి గుమ్మం ముందు రోజూ ఎవరో ఒకరి చెప్పులు అదనంగా ఉంటాయి, వాళ్ళింటికి వచ్చిపోయే జనం ఎక్కువ. క్రిస్మస్‌కి కట్టిన కాగితం నక్షత్రం వేసవి దాకా దించని ఇల్లు ఒకటి. పటిక ముక్క, నల్లతాడు, బూడిద గుమ్మడికాయ మూడూ కట్టినాయన కొత్తగా వ్యాపారం పెట్టినాడు. ఆయన భయం ఏందో గుమ్మం చూస్తేనే అర్థమైతుంది.

చెక్క బిల్డరు ఇస్తాడు. గుమ్మం మనమే చేసుకోవల్ల.

టేకుపని (కేఆర్ పురం, బెంగళూరు) · జనవరి 19, ఉదయం 6:40

మేడం, నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ చెక్కపని చేయిస్తున్నాను. ఊళ్ళో తలుపు ఊడదీసే ముందు కొన్ని సంగతులు చూసుకోండి.

మొదటిది, ఆ రెక్కలు బందుల మీద తిరుగుతాయా, చెక్క మొలల మీదా? పాతకాలం తలుపులకి చాలావాటికి ఇనప బందులు ఉండవు. రెక్క అంచునే పైనా కిందా మొలలాగా చెక్కి వదులుతారు. పై మొల పైకమ్మి బెజ్జంలో, కింది మొల గడపలో తొలిచిన గుంటలో తిరుగుతుంది. మీది అలాంటిదైతే గడప లేకుండా ఆ తలుపు నిలబడదు. రెక్కలు మాత్రమే ఊడదీసి లారీ ఎక్కిస్తే ఇక్కడికొచ్చాక బాధపడతారు. ద్వారబంధం నాలుగు కమ్మీలూ గడపతో సహా, గోడ పగలగొట్టి అయినా మొత్తంగా తీయించండి. గునపంతో పెకలించనివ్వకండి. ఆ అతుకుల్లో ఉండేది చెక్క మేకు, గట్టిగా లాగితే కమ్మీ కొన చీలుతుంది.

రెండోది పురుగు. టేకులో చేవకి చెద పట్టడం అరుదు. అంచుల్లో తెల్లచెక్క ఉంటే మాత్రం తింటుంది. గోడలో ఉన్న వైపు, గడప అడుగు భాగం తప్పకుండా చూడండి. సన్న బెజ్జాలూ వాటి కింద పిండిలాంటి పొడీ కనబడితే మందు పట్టించాకే ఫ్లాట్లోకి తేవాలి. లేకపోతే కొత్త వార్డ్‌రోబులకి పాకుతుంది.

ఎవరైనా చూసి "బర్మా టేకు" అంటే అలాగేనని ఊరుకోండి. ప్రకాశం జిల్లా అంటే నల్లమల పక్కనే, అక్కడి టేకూ మంచిదే. ఇప్పుడు దుకాణాల్లో బర్మా అని అమ్మేదాని గురించి అయితే గట్టిగా అడగాలి. బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది.

తెచ్చాక కనీసం మూడు నాలుగు వారాలు గదిలో నీడన నిలబెట్టండి. ఆ ఊరి ఎండకి అలవాటు పడ్డ చెక్క ఈ ఊరి గాలికి సర్దుకోవాలి.

పదో_అంతస్తు (సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు) · జనవరి 19, ఉదయం 9:15

సంధ్యాదీపం గారూ, మా అపార్ట్‌మెంటు కమిటీలో నాలుగేళ్ళు పనిచేశాను. అటు కూర్చున్నవాళ్ళ మాట కూడా వినండి.

కర్ణాటక అపార్ట్‌మెంటు ఓనర్‌షిప్ చట్టం 1972 ప్రకారం కారిడార్ అందరిదీ. తలుపు మీదే అయినా దాని బయటి ముఖం అందరి కారిడార్లోకి ఉంటుంది. అందుకే చాలా అసోసియేషన్ల బైలాస్‌లో, అంటే వాళ్ళు రాసుకున్న నియమాల్లో, బయటి రంగు, ఆకారం మార్చకూడదని రాసుకుంటారు. ముందు మీ బైలాస్ చదవండి, తర్వాత రాతపూర్వకంగా అడగండి. పని చేయించేశాక అడిగితే గొడవవుతుంది.

ఇంకొకటి, నాకు దీనిమీద గట్టి అభిప్రాయం ఉంది. మంట అంటుకున్నప్పుడు ప్రాణం తీసేది ఎక్కువగా పొగే. బిల్డరు ఇచ్చిన సాలిడ్ ఫ్లష్ డోరు (చెక్క పొరలు అతికించి చేసిన నున్నటి తలుపు) ఫ్రేముకి అతుక్కుని మూసుకుంటుంది, కాసేపైనా పొగని ఆపుతుంది. మీ రెండు రెక్కల మధ్య సందులో వేలు పడుతుందేమో చూడండి. ఆరో అంతస్తులో ఆ సందు మంచిది కాదు. బయట బిల్డరు తలుపు అలాగే ఉంచి, లోపల ఫోయర్‌కీ (గుమ్మం దాటగానే ఉండే చిన్న జాగా) హాలుకీ మధ్య తాతయ్యగారి తలుపు నిలబెట్టండి. వచ్చినవాళ్ళు రెండో గుమ్మం దాటి ఇంట్లోకి వస్తారు.

కరీంనగరం (వేళచ్చేరి, చెన్నై) · జనవరి 19, మధ్యాహ్నం 1:30

మా దిక్కు దర్వాజ అంటం. ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ నిలవెట్టుడు పెండ్లి లెక్కనే. ఆడబిడ్డలొస్తరు, పసుపు బట్టల నవధాన్యాలు కట్టి దర్వాజకు కడ్తరు, కొబ్బరికాయ కొడ్తరు. గోడలు ఇంకా లేవకముందే మైదానం నడుమ ఉత్త దర్వాజ నిలబడి ఉంటది. ఇల్లు దాని చుట్టూ వస్తది.

నేను చెన్నైల ఫ్లాటు తీసుకున్నప్పుడు మా అవ్వ వచ్చింది. లోపలికి రాలే. కిందికి చూసి "కడపేది బిడ్డా" అని అడిగింది. బిల్డరు మూడు దిక్కులే ఫ్రేము ఇచ్చిండు, కింద టైల్సు. మా అవ్వ కొంగుల పసుపు కట్టుకొచ్చింది, ఏడ రాయాల్నో తెల్వక అట్లనే నిలబడ్డది. గా వారమే వడ్లాయనను పిలిచి రెండంగుళాల కర్ర కడప పెట్టించిన.

అక్కా, కడప మాత్రం వదలకు.

సంధ్యాదీపం (హూడి, బెంగళూరు) · జనవరి 19, రాత్రి 8:05

టేకుపని గారూ, మీకు చేతులెత్తి మొక్కాలి. ఇవాళ తమ్ముడు వీడియో కాల్లో చూపించాడు. మీరన్నట్టే బందులు లేవు, చెక్క మొలలే. గడపలో గుంటలు అరిగి గిన్నెల్లా ఉన్నాయి. రేపు రెక్కలు మాత్రమే ఊడదీయబోతున్నారట, ఆపించాను.

కొలతలు: రెండు రెక్కలూ తీస్తే వెడల్పు మూడడుగులు, ఎత్తు అయిదున్నర. గడప మందం అయిదంగుళాలు.

పదో అంతస్తు గారూ, బైలాస్ చూశాను. బయటి తలుపు మార్చకూడదనే ఉంది. చదివి ఏడుపొచ్చింది, ఆ తర్వాత మీరు చెప్పిన పొగ సంగతి మళ్ళీ చదివాను. మాకు ఏడేళ్ళ పాప ఉంది. లోపలే పెడతాం.

పెరంబూరు_తెలుగు (చెన్నై) · జనవరి 20, ఉదయం 11:10

మా తాతగారి నాన్న నెల్లూరు నుంచి మద్రాసు వచ్చారు, నాది నాలుగో తరం. నా తెలుగులో అరవం దొర్లితే మన్నించండి.

పాత తలుపుల మీద నాకు ముప్పై ఏళ్ళ మోహం. కారైక్కుడి వెళ్ళి చెట్టినాడు ఇళ్ళ తలుపులు చూడ్డమే పనిగా తిరిగాను. ఆ నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మాలో వడ్డీ వ్యాపారం చేసి, అక్కడి టేకు ఓడల్లో తెప్పించుకుని కట్టుకున్న ఇళ్ళు అవి. ద్వారబంధం మీద లక్ష్మి, ఏనుగులు, యాళి అనే సింహంలాంటి కల్పిత మృగం, పువ్వులు, చెయ్యి పెట్టడానికి ఖాళీ ఉండదు. ఊరందరికీ కనబడేలా తమ సంపాదనని చెక్కించుకున్నారు. అదే వీధిలో తిన్నె కూడా ఉంటుంది, మన అరుగు. దారిన పోయేవాడు అడక్కుండానే కూర్చోవచ్చు, రాత్రి పడుకోవచ్చు. ఆ అరుగునీ ఆ తలుపునీ కలిపి చూస్తేనే ఆ మనుషులు అర్థమవుతారు. వెళ్ళడం కుదరనివాళ్ళు ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్రలో చెట్టినాడు ఇల్లు చూడండి, 1996 నుంచీ ఉంది. అక్కడే మన తెలుగువాళ్ళ ఇళ్ళు కూడా కట్టి పెట్టారు. వాటి గుమ్మాలకి అంత చెక్కడం ఉండదు. నాకు మాత్రం వాటి ముందే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

ఇప్పుడు ఆ చెట్టినాడు తలుపులు కారైక్కుడి పాత సామాన్ల అంగళ్ళలో గోడకి వరసగా ఆనించి ఉంటాయి. చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ రోడ్డు మీద విల్లాలకీ హోటళ్ళకీ పోతాయి. కొన్నవాళ్ళని తప్పుపట్టను, లేకపోతే పొయ్యిలో పెడతారు. కానీ అలా కొన్న తలుపు ఆ ఇంటివాళ్ళ అభిరుచిని చెబుతుందే గానీ వాళ్ళని చెప్పదు. సంధ్యాదీపం గారి తలుపు వేరు. ఆమె ఆ గడప మీద కూర్చుని తిట్లు తిని ఉంటారు.

మా ఇంటి కథ ఒకటి. 2015 డిసెంబరు వరదలో మేం సైదాపేటలో ఉన్నాం. నడుం లోతు నీళ్ళు, రెండు రోజులు. పడగ్గదుల ఫ్లష్ తలుపులు పొరలు పొరలుగా విడిపోయాయి, అరటి దవ్వ లాగితే ఊడొచ్చినట్టు. వీధి తలుపు టేకు. ఉబ్బి బిగుసుకుపోయింది, మూడు వారాలు తీయలేకపోయాం, ఆరాక మామూలుగా తెరుచుకుంది. దానిమీద నీటి గీత ఒకటి మిగిలింది. పాలిష్ చేసేవాడు గీకేస్తానన్నాడు. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ రెండు రోజులూ పై అంతస్తువాళ్ళు మా ఏడుగురికీ అన్నం పెట్టారు. ఆ గీత మా గుమ్మానికి ఉండాలి అంది. పెరంబూరు మారినప్పుడు ఆ తలుపునీ తెచ్చుకున్నాం.

అమ్మతో_ఇల్లు (జేపీ నగర్, బెంగళూరు) · జనవరి 20, సాయంత్రం 4:45

గడప గురించి ఇంతమంది రాస్తుంటే చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా అమ్మ మూడేళ్ళుగా వీల్‌చైర్‌లో ఉంది. మాకూ గడప ఉండేది, నాలుగంగుళాలది. ప్రతి శుక్రవారం అమ్మే కడిగి పసుపు రాసి బొట్లు పెట్టేది. పక్షవాతం వచ్చాక అదే గడప దాటడానికి ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చింది. ఎవరూ లేనప్పుడు కారిడార్లోకి కూడా రాలేకపోయింది. వీల్‌చైర్ తిరగాలంటే గుమ్మం కనీసం 900 మిల్లీమీటర్లు ఉండాలి, కింద ఎత్తు 12 మిల్లీమీటర్లకి మించకూడదు. నేను గడప తీయించేశాను. బంధువుల్లో ఒకరు "గడప లేని ఇంటికి లక్ష్మి రాదు" అన్నారు, అమ్మ వింటుండగానే. ఆ రోజు నేను పడ్డ బాధ ఇక్కడ రాయలేను.

ఇప్పుడు అమ్మ రోజూ సాయంత్రం తనే చక్రాలు తిప్పుకుంటూ బయటికొచ్చి, ఎదురింటి పిల్లలతో మాట్లాడి వస్తుంది. నేలమీదే గుమ్మానికి అడ్డంగా సన్నగా పసుపు గీత గీస్తాను, దానిమీదే బొట్లు.

మా గుమ్మం మా గురించి చెప్పేది ఇదే. గడప వద్దనడం లేదు. మీ ఇంటికొచ్చే వృద్ధుల గురించి కూడా ఆలోచించమంటున్నాను.

కరీంనగరం (వేళచ్చేరి, చెన్నై) · జనవరి 20, సాయంత్రం 5:20

అక్కా, నా మాట నీకు నొప్పి అనిపిస్తే మాఫ్ చెయ్యి. మీ అమ్మ బయటికొచ్చి కూసుంటున్నదంటే గంతకన్న ఏం గావాలె.

టేకుపని (కేఆర్ పురం, బెంగళూరు) · జనవరి 20, రాత్రి 9:30

ఇద్దరి మాటా నిలబెట్టే దారి ఉంది. లెక్క చెబుతాను.

మీ గడప అయిదంగుళాలు. స్లాబుని ఎట్టి పరిస్థితిలోనూ కొట్టకూడదు. టైలు, దాని కింద సిమెంటు పరుపు కలిపి సుమారు రెండంగుళాలు ఉంటుంది, అంతవరకే తీసి గడపని దింపొచ్చు. పైకి మూడంగుళాలు మిగులుతుంది. వీల్‌చైర్‌కి ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల వాలు కావాలి. అంటే అటు మూడడుగులు, ఇటు మూడడుగులు. గట్టి ప్లైవుడ్‌తో రెండు వాలుబల్లలు చేయించుకుని మంచం కింద పెట్టుకోండి, అవసరమైన రోజు వేయండి. రెండు రెక్కలూ తీస్తే మూడడుగులన్నారు, అది 914 మిల్లీమీటర్లు. వీల్‌చైర్ పడుతుంది.

ఎత్తు అయిదున్నరే కాబట్టి పైన మిగిలే ఖాళీలో చెక్క జాలీ పెట్టించండి. పాత కమ్మీని కోసి పొడుగు చేయిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

అద్దెఇల్లు (బీటీఎం లేఔట్, బెంగళూరు) · జనవరి 21, ఉదయం 8:00

సొంతిల్లు లేనివాళ్ళ గుమ్మం గురించి కూడా రెండు మాటలు. పదకొండేళ్ళలో అయిదిళ్ళు మారాం. ఒక ఓనరు తలుపుకి మేకు కొట్టకూడదన్నారు, ఇంకొకరు పసుపు మరక పడుతుందన్నారు. మా అత్తగారు పాత పట్టుచీర అంచులతో కుట్టిన తోరణం ఒకటి ఉంది. లారీలో సామాను దిగకముందే దాన్ని దారంతో బందులకి కడతాను. అది కట్టాకే పాలు పొంగిస్తాం. అయిదిళ్ళకీ అదే గుమ్మం.

నీలిగడియ (మల్లేశ్వరం, బెంగళూరు) · జనవరి 21, మధ్యాహ్నం 12:40

లండన్‌లో బ్రిటన్ ప్రధాని ఇంటి నల్ల తలుపు ఫోటోల్లో అందరూ చూసే ఉంటారు. చెక్కలాగే కనబడుతుంది, కానీ 1991లో మోర్టార్ దాడి జరిగాక పెట్టిన ఉక్కు తలుపు. చుట్టాలింట్లో చెక్క గీతలు అచ్చువేసిన స్టీలు తలుపు చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. లోపల భయం, పైకి మర్యాద. తప్పేం లేదు, ఈ కాలం అలాంటిది.

దీనికి పూర్తిగా ఎదురు మహారాష్ట్రలో శని శింగణాపూర్. శనిదేవుడి మీద నమ్మకంతో తరతరాలుగా ఇళ్ళకి తలుపులే పెట్టుకోని ఊరు. 2011లో అక్కడ యూకో బ్యాంకు శాఖ తెరిస్తే దానికీ పైకి కనబడే తాళం పెట్టలేదు. ఒక ఊరంతా కలిసి ఒకే స్వభావం చూపించడం ఇంకెక్కడా వినలేదు.

మా మల్లేశ్వరంలో 1898 ప్లేగు రోజుల తర్వాత లేచిన ఇళ్ళు కొన్ని ఇంకా ఉన్నాయి. ముందు వరండా, ఆ తర్వాత తలుపు. ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నాయి. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడు ఏ గుమ్మం ముందు రేకులు కట్టారో చూసుకుంటూ నడుస్తాను. రేకులు కడితే ఇల్లు పడగొడుతున్నట్టే.

సంధ్యాదీపం (హూడి, బెంగళూరు) · ఫిబ్రవరి 2, రాత్రి 10:15

తలుపు వచ్చింది. ఇప్పుడొక కొత్త చిక్కు.

ఇన్నేళ్ళూ తెరిచే ఉండడం వల్ల దాని వెనక వైపు గోడకి ఆని ఉండేది. ఇవాళ దుమ్ము తుడిస్తే ఏం కనబడ్డాయో చూడండి. జాజుతో రాసిన తేదీలు, మలేరియా వాళ్ళు మందు కొట్టి వెళ్ళినప్పుడు రాసినవి. కింద మా పిన్ని పేరు, మేకుతో గీకినది, దీర్ఘం తప్పు. అడ్డగడియ తిరిగి తిరిగి అరిగిన వంపు. ఎడమ రెక్క నిండా బొగ్గు గీతలు, నాలుగు నిలువు, ఒక అడ్డం, మళ్ళీ నాలుగు నిలువు. అవి పాల లెక్కలని అమ్మ ఫోన్లో చెప్పింది.

మాకు ఇంటీరియర్ చేస్తున్నతను మొత్తం మెషిన్‌తో గీకి, నిగనిగలాడే పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కొడతానంటున్నాడు. "అప్పుడే గదా మేడం రిచ్‌గా ఉంటుంది" అన్నాడు. ఏం చెప్పను?

టేకుపని (కేఆర్ పురం, బెంగళూరు) · ఫిబ్రవరి 2, రాత్రి 10:32

మెషిన్ పెట్టనివ్వకండి! ముందు వైపు చేత్తో సన్న కాగితం పట్టించి అవిసె నూనె రాయండి, పలచగా, ఆరనిచ్చి రెండు మూడు సార్లు. నూనె రాసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయండి. వెనక వైపు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, ఇంకేం చేయకండి. బొగ్గు మీద నూనె పడితే చెదిరిపోతుంది.

పెరంబూరు_తెలుగు (చెన్నై) · ఫిబ్రవరి 3, ఉదయం 7:05

అమ్మా, ముందు వైపు గజలక్ష్మి వడ్రంగి పనితనం. వెనక వైపు మీ తాతగారి సంసారం. రెక్కలు ఎటు తెరుచుకునేలా పెడుతున్నారో ముందు అది ఆలోచించండి. గోడకి ఆనితే మళ్ళీ యాభై ఏళ్ళు ఎవరికీ కనబడదు.

సంధ్యాదీపం (హూడి, బెంగళూరు) · మార్చి 9, రాత్రి 11:20

నిన్న గృహప్రవేశం అయింది.

తలుపు ఫోయర్‌కీ హాలుకీ మధ్య నిలబడింది. గడప మూడంగుళాలే పైకి ఉంది, వాలుబల్లలు రెండూ చేయించాం. నిన్న మా ఆయన మేనత్త గారు వాటిమీదుగానే వీల్‌చైర్‌లో హాల్లోకొచ్చారు. అమ్మతో ఇల్లు గారూ, మిమ్మల్ని తలుచుకున్నాను. పెరంబూరు బాబాయ్ గారు చెప్పినట్టు ఎడమ రెక్క గోడకి ఆనకుండా జానెడు ఎడంగా ఆగేలా చిన్న కట్టు పెట్టించాం, పక్కనుంచి చూస్తే గీతలన్నీ కనబడతాయి. మా ఆయన ఆరడుగులు, పొద్దుణ్నించి రెండుసార్లు నుదురు కొట్టుకున్నారు. మూడోసారి నుంచి వంగుతున్నారు. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు నాకింకా దొరకలేదు. ఇవాళ ఆదివారం, పొద్దున తొమ్మిదికి బయటి తలుపు ఆయనే తెరిచి, కదలకుండా కింద చెక్కముక్క పెట్టారు. పదకొండుకి ఎదురింటి పెద్దాయన, ఆ రోజు నేను తాళంచెవి తిప్పింది ఆయనింటికే, కాఫీకి వచ్చారు.

అమ్మ గడపకి పసుపు రాసింది. బొట్లు పెట్టి లేచి, రెక్క వెనక్కి వెళ్ళి కళ్ళజోడు సవరించుకుని గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగిపోయింది. అక్కడ గీతలు జంటలు జంటలుగా ఉన్నాయి.

"ఇది పెద్దక్క పెళ్ళి నెల" అంది. "రోజూ రెండింతలు పోయించుకున్నాం."

అనంతపురం_అబ్బాయి (మారతహళ్ళి, బెంగళూరు) · మార్చి 9, రాత్రి 11:41

ఫోటో పెట్టక్కా!

సంధ్యాదీపం (హూడి, బెంగళూరు) · మార్చి 9, రాత్రి 11:44

లైట్లో బొగ్గు సరిగా పడటం లేదు తమ్ముడూ. రేపు పొద్దున ఎండ పడ్డాక తీసి పెడతాను, వెనక వైపుది.